పరీక్ష భయానికి ఒక చరిత్ర: మెట్రిక్యులేషన్ నుంచి ఎంసెట్ వరకు

9.1 ప్రవేశిక



వలస పాలనలో ఆధునిక విద్యా విధానం ఎలా రూపొందిందో గత పాఠాల్లో చదివారు. 1854 నాటి వుడ్ నివేదిక, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాల స్థాపన, 1904 నాటి విశ్వవిద్యాలయాల చట్టం మీకు పరిచయమే. ఆ పాఠాల్లో గవర్నర్ జనరళ్లు కనిపించారు, కమిషన్లు కనిపించాయి. పరీక్ష రాసిన పిల్లలు మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఈ పాఠం వాళ్ల గురించి. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో పరీక్ష దగ్గరపడుతుంటే నిద్ర పట్టకపోవడం, గుండె దడదడలాడటం, కడుపులో తిప్పడం, చదివినదంతా ఒక్కసారిగా మరచిపోయినట్లు అనిపించడం వంటి వాటికి చరిత్ర ఉందా అన్నది ఇక్కడి ప్రశ్న.

మీలో చాలామందికి ఇది కేవలం పుస్తక విషయం కాదు. పదో తరగతిలోనో ఇంటర్మీడియట్‌లోనో ఒకసారి తప్పి, చదువు మానేసి, పెళ్లీ ఉద్యోగమూ అయ్యాక ఏళ్ల తర్వాత దూరవిద్యలో చేరినవారు మీలో ఉన్నారు. ఇప్పుడు పదో తరగతి చదువుతున్న పిల్లలు ఇంట్లో ఉన్నవారూ ఉన్నారు. అందువల్ల ఈ పాఠాన్ని మీ అనుభవంతో పోల్చుకుంటూ చదవండి. ఇక్కడ చెప్పింది మీ అనుభవంతో సరిపోని చోట పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. చివరి అభ్యాసంలో అది పనికొస్తుంది.

భయం మనిషికి సహజం. కాని ఏ వయసులో, ఏ నెలలో, దేనికి భయపడాలన్నది సమాజం నిర్ణయిస్తుంది. మార్చి నెల వస్తోందంటే ఇంటిల్లిపాదీ టీవీ కట్టేసి గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మన ముత్తాతల కాలంలో లేదు. అది ఎప్పుడు మొదలైందో, ఎందుకు మొదలైందో చెప్పవచ్చు.

9.2 మాటలు, ఆధారాలు

మొదట మాటల సంగతి చూద్దాం. ఇవాళ మనం మానసిక స్థితికి వాడుతున్న 'ఆందోళన' అనే మాటకు సంస్కృతంలో ఊగడం అని అర్థం. తెలుగు పత్రికల్లో ఈ మాట ఎక్కువగా ఉద్యమం, నిరసన అన్న అర్థంలో కనిపిస్తుంది. పాత పత్రికలో 'విద్యార్థుల ఆందోళన' అన్న శీర్షిక చూసి పరీక్ష భయం గురించిన వార్త అనుకుంటే పొరబడతారు. అది ధర్నా వార్త అయి ఉంటుంది. మనసులోని కలతకు మన ఇళ్లలో వాడిన మాటలు వేరు: బెంగ, దిగులు, గుబులు, కంగారు. 'పిల్లాడు బెంగ పెట్టుకున్నాడు' అంటే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాల్సిన విషయంగా మాత్రం ఎవరూ అనుకోరు. తాయెత్తు కట్టించేవారు, దిష్టి తీసేవారు, ఎక్కువమంది ఊరుకునేవారు.

పరీక్ష ఫలితానికి మన భాషలో ఉన్న మాటలను కూడా గమనించండి. ఫెయిలైనవాడు 'తప్పాడు' అంటాం. పాసైనవాడు 'గట్టెక్కాడు' అంటాం. మొదటి మాటలో తప్పు చేసిన ధ్వని ఉంది. రెండోదాంట్లో మునిగిపోకుండా ఒడ్డుకు చేరిన ధ్వని ఉంది. పదే పదే పరీక్షకు కట్టేవాణ్ణి గజనీ మహమ్మద్‌తో పోల్చి ఎగతాళి చేయడం కూడా మనవాళ్ల అలవాటే. పదిహేడు దండయాత్రల గురించి చరిత్ర విద్యార్థులుగా మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆధారాలు. ప్రభుత్వ విద్యాశాఖ వార్షిక నివేదికల్లో ఎంతమంది హాజరయ్యారు, ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు అన్న లెక్కలుంటాయి. భయానికి అందులో గడి లేదు. అందుచేత చరిత్రకారుడు నాటకాలను, ఆత్మకథలను, పత్రికల మూలల్లోని ప్రకటనలను, పెద్దల జ్ఞాపకాలను వెతకాలి. ఈ ఆధారాలు కూడా ఎక్కువగా చదువుకున్న పై కులాల మగపిల్లలవే. బడి మెట్లెక్కని పిల్లల దిగులు ఎవరూ రాయలేదు. ఈ లోపాన్ని దృష్టిలో ఉంచుకునే ముందుకు సాగాలి.

9.3 ఒకే తలుపు

పూర్వం మన వీధి బడుల్లోనూ శిక్షలుండేవి. కోదండం వేయడం, గోడకుర్చీ వేయించడం మీరు వినే ఉంటారు. పంతులంటే పిల్లలకు భయముండేది. కాని ఆ భయం ఎదురుగా ఉన్న మనిషిని చూసి కలిగేది, బడి వదలగానే తగ్గేది. ఎక్కడో మద్రాసులో కూర్చున్న, ముఖం తెలియని ఒక పరీక్షకుడు తన జీవితాన్ని నిర్ణయిస్తాడన్న భయం 1857 తర్వాత వచ్చినదే. ఆ ఏడాది ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం తన ప్రవేశ పరీక్షగా మెట్రిక్యులేషన్‌ను పెట్టింది. పేరుకు అది కళాశాల చదువుకు ప్రవేశం. ఆచరణలో అది సర్కారు కొలువుకు కూడా ప్రవేశమైంది. కచేరీలో గుమస్తా పనికి మెట్రిక్యులేషన్ పాసైనవాడికి విలువ ఉండేది, తప్పినవాడికి ఉండేది కాదు.

పరీక్ష ఇంగ్లీషులో ఉండేది. గోదావరి ఒడ్డు పల్లె నుంచి వచ్చిన కుర్రవాడు ఇంగ్లండు రాజుల చరిత్రను ఇంగ్లీషులోనే రాయాలి. అర్థం కానిదాన్ని కంఠస్థం చేయడం తప్ప మార్గం లేదు. మనం 'బట్టీ' అని ఈసడించుకునే అలవాటు సోమరితనం వల్ల పుట్టలేదు. పరాయి భాషలో పరీక్ష రాయాల్సిన పిల్లలు తమను తాము కాపాడుకోవడానికి వెతుక్కున్న ఉపాయమది. వైస్రాయి కర్జన్ 1901లో సిమ్లాలో విద్యా సమావేశం జరిపి ఈ కంఠస్థపు చదువును తీవ్రంగా విమర్శించాడు. విమర్శ సరైనదే. అయితే ఉద్యోగాలన్నిటికీ ఒకే తలుపు పెట్టిన ప్రభుత్వమే, ఆ తలుపు దగ్గర తోపులాట ఎందుకని అడగడం కొంత విడ్డూరం.

9.4 ఇద్దరు కుర్రవాళ్లు

మొదటివాడు కల్పిత పాత్ర. గురజాడ అప్పారావు రచించి 1897లో ప్రచురించిన 'కన్యాశుల్కం' నాటకంలోని వెంకటేశం. నాటకాన్ని మనం గిరీశం మాటకారితనం కోసం, సంఘ సంస్కరణ చర్చ కోసం చదువుతాం. కథ కదలడానికి ఒక పరీక్ష కూడా కారణమన్న సంగతి మరచిపోతాం. వెంకటేశం పరీక్ష తప్పాడు. ఇంగ్లీషు చదువు మీద డబ్బు పోస్తున్న తండ్రి అగ్నిహోత్రావధానులుకు ఏం చెప్పాలో తెలియక భయపడుతున్నాడు. ఆ భయాన్ని ఆసరాగా చేసుకునే గిరీశం ఆ కుటుంబంలోకి ప్రవేశిస్తాడు. నవ్వు పుట్టించే సన్నివేశమే కాని, పంతొమ్మిదో శతాబ్ది చివరి విజయనగరం ప్రాంతంలో పరీక్ష తప్పిన కుర్రవాడు ఇంటికి వెళ్లడానికి జంకడం ప్రేక్షకులకు విడమరిచి చెప్పనక్కరలేనంత పరిచితమైందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

రెండోవారు శ్రీనివాస రామానుజన్. 1903 చివర మెట్రిక్యులేషన్ పాసై, మరుసటి ఏడాది కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఉపకార వేతనంతో ఎఫ్.ఏ. తరగతిలో చేరారు. గణితంలో మునిగిపోయి మిగిలిన విషయాలను వదిలేశారు. ఇంగ్లీషులో తప్పారు, ఉపకార వేతనం పోయింది. కుటుంబానికి ఫీజు కట్టే స్తోమత లేదు. 1905లో, పదిహేడేళ్ల వయసులో, ఇంట్లో చెప్పకుండా రైలెక్కి విశాఖపట్నం వెళ్లిపోయారు. ఇంట్లోవాళ్లు వెతికారు, కొంతకాలానికి తిరిగివచ్చారు. మళ్లీ ప్రయత్నించి 1906లో మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరి, ఎఫ్.ఏ. పరీక్ష మళ్లీ తప్పారు.

ఆ విశాఖపట్నం ప్రయాణం జీవితచరిత్రల్లో ఒకటి రెండు పేరాలకు మించదు. అక్కడ ఆయన ఏం ఆలోచించారో మనకు తెలిపే కాగితం లేదు. పరీక్ష తప్పిన పిల్లలకు మనం రామానుజన్ పేరు చెప్పి ధైర్యం చెబుతుంటాం. చరిత్ర విద్యార్థులు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆయన ప్రపంచ ప్రసిద్ధులయ్యారు కాబట్టే ఆ ప్రయాణం మనకు తెలిసింది. అదే ఏడాది తప్పి, ప్రసిద్ధులు కానివాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్లకు గణితంలో మేధ ఉండనక్కరలేదు. వాళ్ల దిగులు అందువల్ల తక్కువదీ కాదు.

9.5 పాస్, ఫెయిల్ లేని పరీక్ష

మద్రాసు రాష్ట్రంలో మెట్రిక్యులేషన్ స్థానంలో 1911 నాటికి ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చింది. మనవాళ్లు దాన్ని 'స్కూలు ఫైనలు' అన్నారు. ఈ పథకం వెనుక ఉన్న ఆలోచన ఇవాళ వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక్క పరీక్ష పెత్తనం తగ్గించాలి, బడిలో విద్యార్థి చూపిన ప్రగతికి విలువ ఇవ్వాలి అనేదే ఆ ఆలోచన. విద్యార్థికి ఒక పుస్తకం ఇచ్చేవారు. అందులో బడి మార్కులూ పబ్లిక్ పరీక్ష మార్కులూ రెండూ నమోదయ్యేవి. పాస్, ఫెయిల్ అన్న ప్రకటన ఉండదు. పుస్తకం చూసి కళాశాలవారు, ఉద్యోగమిచ్చేవారు ఎవరికి వారు నిర్ణయించుకోవాలి.

ఆచరణలో ఏమైంది? కళాశాలలో చేరడానికి అర్హులెవరన్నది నిర్ణయించక తప్పలేదు. దానికి కనీస మార్కులు పెట్టారు, అర్హుల జాబితా తయారైంది. జనం ఆ జాబితాలో ఉన్నవాణ్ణి పాసయ్యాడన్నారు, లేనివాణ్ణి తప్పాడన్నారు. ప్రభుత్వం తీసేసిన మాటను సమాజం తిరిగి తెచ్చుకుంది. ఈ సంఘటనను బాగా గుర్తుంచుకోండి. తర్వాతి వందేళ్లలో ఇలాంటిదే మరి రెండుసార్లు జరగడం చూస్తారు.

నిజాం రాష్ట్రంలో పరిస్థితి వేరు. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో బోధించింది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పిన ప్రయోగంగా అది గొప్పదే. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి మాత్రం ఇంట్లో ఒక భాష, పరీక్షలో మరో భాష. పైగా ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశం. 1948 తర్వాత మాధ్యమం మారినప్పుడు, ఉర్దూలో చదువు మొదలుపెట్టినవాళ్లు నడి దారిలో మళ్లీ భాష మార్చుకోవాల్సి వచ్చింది. ఆ తరంవారు మీ ఇళ్లలో ఉంటే అడిగి చూడండి, ఈ బాధ వారు చెప్పినంత స్పష్టంగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

9.6 నంబరు నుంచి ర్యాంకు వరకు

స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన కమిషన్లన్నీ పరీక్షలను తప్పుపట్టినవే. 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షత వహించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అంతకు ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసినవారు. విశ్వవిద్యాలయ విద్యలో ఒక్క సంస్కరణే చేయాల్సి వస్తే అది పరీక్షల సంస్కరణే కావాలని ఆ కమిషన్ అభిప్రాయపడింది. 1952-53 నాటి మొదలియార్ కమిషన్, 1964-66 నాటి కొఠారీ కమిషన్ కూడా ఇంచుమించు ఈ ధోరణిలోనే మాట్లాడాయి. పరీక్షలు మాత్రం పెరిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడో తరగతికి కూడా ఉమ్మడి పరీక్ష ఉండేది. 1969లో పి.యు.సి. పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది.

ఇక్కడ ఆగి రెండో వైపు కూడా చూడాలి. పబ్లిక్ పరీక్ష భయాన్నే ఇవ్వలేదు, ఆశనూ ఇచ్చింది. జవాబు పత్రం మీద పేరుండదు, నంబరుంటుంది. దిద్దేవారికి ఆ పిల్లవాడిది ఏ వాడో, తండ్రి ఏం చేస్తాడో తెలియదు. సాంఘిక సంక్షేమ వసతిగృహంలో ఉండి చదివి, ఇంటిపేరు బలం లేకుండా ఉద్యోగంలోకి వెళ్లిన తొలి తరానికి ఆ నంబరే రక్ష. అందుకే పరీక్షలు రద్దు చేయండన్న మాట ఎక్కువగా ఇతర దారులున్న ఇళ్ల నుంచే వస్తుందని ఈ రచయిత అభిప్రాయం. వేరే దారి లేని ఇంట్లో ఆశ పెద్దది, కనుక భయమూ పెద్దదే. ఆ రెండింటినీ విడదీసి చూస్తే చరిత్ర అర్థం కాదు.

దాదాపు ఇరవయ్యో శతాబ్దమంతా ఫలితాల రోజంటే పత్రిక రోజే. ఉత్తీర్ణుల నంబర్లు చిన్న అక్షరాల్లో వరుసగా అచ్చయ్యేవి. పత్రిక తెచ్చే మొదటి బస్సు కోసం ఊరి కూడలిలో నిలబడటం, నంబరు కనబడకపోతే అచ్చు తప్పేమోనని మరో పత్రిక వెతకడం పెద్దవాళ్లకు బాగా గుర్తు. తప్పినా ఒక వెసులుబాటు ఉండేది. పంతొమ్మిదో శతాబ్దపు మెట్రిక్యులేషన్‌లో చాలా సంవత్సరాలు సగానికి పైగా తప్పేవారు. ఆ తర్వాత కూడా ఊళ్లో నలుగురు రాస్తే ఇద్దరు తప్పడం వింత కాదు. 'సెప్టెంబరులో కట్టుకుంటాడులే' అనేవారు. ఇప్పుడు లెక్క తిరగబడింది. 2025లో పదో తరగతి ఉత్తీర్ణత తెలంగాణలో 92.78 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 81.14 శాతం. తప్పేవారు తగ్గినందుకు భయం తగ్గాలి. అలా జరగలేదు. అందరూ తప్పే చోట తప్పినవాడికి తోడుంటుంది. నూటికి తొంభైమంది గట్టెక్కే చోట తప్పినవాడు ఒంటరి.

పాసైనవారికీ నెమ్మది లేకపోవడానికి కారణం ర్యాంకు. 1980లలో ఇంజనీరింగ్, వైద్య కోర్సుల కోసం ఎంసెట్ వచ్చింది. పాస్ మార్కుకు ఒక హద్దుంది, దాన్ని దాటితే చాలు. ర్యాంకుకు అలాంటి హద్దు లేదు. పక్కవాడు నా ముందుంటే నేను వెనకబడ్డట్టే. స్నేహితుడి పుస్తకం అడిగి తెచ్చుకునే చోట, స్నేహితుడు కూడా లెక్కల్లోకి వచ్చాడు. గుంటూరు, విజయవాడ పరిసరాల్లో మొదలైన రెసిడెన్షియల్ కళాశాలల పద్ధతి హైదరాబాదుకు, తర్వాత చిన్న పట్టణాలకు పాకింది. తెల్లవారుజామున మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగే స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, మార్కులను బట్టి సెక్షన్లు మార్చడం, ఇంటికి ఎప్పుడో ఒకసారి ఫోను. 1990ల చివర సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, అమెరికా ప్రయాణాలు ఈ ఆశను పల్లెలకు కూడా తీసుకువెళ్లాయి. పొలం అమ్మి ఫీజు కట్టిన తండ్రిని తలచుకుంటూ చదివే పిల్లవాడికి పుస్తకంలోని ప్రతి పుట ఒక అప్పు పత్రంలా కనిపిస్తుంది. వెంకటేశం భయపడింది తండ్రి కోపానికి. ఈ పిల్లవాడు భయపడుతున్నది తండ్రి త్యాగానికి. రెండోదాన్ని ఎదుర్కోవడం కష్టం, ఎందుకంటే ఎదురు చెప్పడానికి అక్కడ ఎవరూ ఉండరు.

9.7 మార్కులు, గ్రేడ్లు, మళ్లీ మార్కులు

ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం కథ ఇక్కడ పునరావృతమవుతుంది. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాల్లో మార్కులకు బదులు గ్రేడ్లు ఇచ్చింది. ఒకటి రెండు మార్కుల తేడాకు కుంగిపోకూడదన్నది ఉద్దేశం. వెంటనే 10కి 10 జి.పి.ఏ. కొత్త ర్యాంకుగా మారింది. 9.8 వచ్చిన పిల్లలు ఏడవడం మనం చూశాం. ఆంధ్రప్రదేశ్ 2022లో మళ్లీ మార్కులకు వచ్చింది. ఆ ఏడాదే ర్యాంకులు చెప్పుకుంటూ పాఠశాలలు ప్రకటనలు ఇవ్వకూడదని ఉత్తర్వు ఇచ్చింది. తెలంగాణ 2025 మెమోల్లో మార్కులు తిరిగి కనిపించాయి. మధ్యలో కోవిడ్ కారణంగా 2020, 2021లో రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పరీక్షలు పూర్తిగా జరగలేదు, అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. నూట అరవై ఏళ్లలో మొదటిసారి ఒక తరం ఆ తలుపును ముట్టుకోకుండా దాటింది.

2019 ఏప్రిల్ గురించి చెప్పకుండా ఈ పాఠం సాగదు. తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల ప్రక్రియలో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక విద్యార్థినికి సున్నా నమోదైంది. ఫలితాల తర్వాత కొద్ది రోజుల్లో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ప్రభుత్వం విచారణ కమిటీ వేసి, తప్పినవారి జవాబు పత్రాలను రుసుము లేకుండా తిరిగి పరిశీలించమని ఆదేశించింది. తల్లిదండ్రులు బోర్డు కార్యాలయం ముందు బైఠాయించారు. 'ఆందోళన' అన్న మాటకున్న రెండు అర్థాలూ ఆ రోజుల్లో ఒకే చోట కలిశాయి. అంతకు ముందు వరకు మార్కుల మెమోలో ఉన్నది నిజమని, తప్పు తమదేనని నమ్మిన పిల్లలు, మెమో కూడా తప్పవచ్చని బహిరంగంగా అడగడం అప్పుడు కనిపించింది.

9.8 బెంగకు వైద్యం

పరీక్ష భయాన్ని శాస్త్రీయంగా పరిశీలించడం పెద్ద పాత విషయం కాదు. 1952లో అమెరికా మనోవైజ్ఞానికులు జార్జ్ మాండ్లర్, సీమోర్ సారసన్ దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. పరీక్ష సమయంలో 'నేను తప్పుతానేమో, ఇంట్లో ఏమంటారో' అన్న ఆలోచనలు ప్రశ్న మీద ఉండాల్సిన ధ్యాసను లాగేస్తాయని వారి పరిశోధన సూచించింది. చదవనందువల్ల భయం వేస్తుందన్న మన వాడుక మాటలో సగమే నిజం. బాగా చదివినవాడు కూడా భయం వల్ల రాయలేకపోవచ్చు.

మన దేశంలో 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల వయసువారిలో సుమారు 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలింది. అంటే ఒక్కో తరగతి గదిలో ఇద్దరు ముగ్గురు. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2022 అక్టోబరులో 'టెలి మానస్' ఫోన్ సేవ ప్రారంభమైంది. 14416 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు పరీక్షలో అడగడం కోసం ఇక్కడ రాయలేదు. ఇంట్లో పిల్లలున్నవారు, మీలోనే నిద్ర పట్టనివారు రాసి పెట్టుకోండి.

2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై 15 మార్గదర్శకాలు జారీ చేసింది. విశాఖపట్నంలో వైద్య ప్రవేశ పరీక్షకు శిక్షణ పొందుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో ఈ తీర్పు వచ్చింది. వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను నియమించాలని, మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడగొట్టకూడదని, అందరి ముందు అవమానించకూడదని అందులో ఉంది. మీ మండలంలోని కళాశాలల్లో ఇవి ఎంతవరకు అమలవుతున్నాయో మీరే చూసి చెప్పగలరు.

చివరగా మన సంగతి. 1982లో రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఇంటర్మీడియట్ లేనివారికి కూడా అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో చేరే దారి తెరిచారు. ఏళ్ల తరబడి వేలమంది ఆ దారిన వచ్చారు. 1857లో పెట్టిన తలుపు పక్కన గోడకు పెట్టిన మరో తలుపు అది. ఈ పుస్తకం మీ చేతిలో ఉండటం కూడా పై చరిత్రలో ఒక భాగమే.

అభ్యాసం

మీ కుటుంబంలో లేదా ఊళ్లో వేర్వేరు తరాలకు చెందిన ముగ్గురిని ఎంచుకోండి. వీలైతే ఒకరు 1980కి ముందు స్కూలు ఫైనలు లేదా పదో తరగతి రాసినవారు, ఒకరు ఎంసెట్ కాలంవారు, ఒకరు ఇప్పుడు చదువుతున్నవారు కావాలి. వారిలో కనీసం ఒకరు స్త్రీ అయి ఉండాలి. ఫలితాలు తెలిసిన రోజున ఎక్కడ ఉన్నారు, ఎవరు చెప్పారు, ఇంట్లో మొదట ఎవరు ఏమన్నారు అని అడగండి. పరీక్ష తప్పినవారిని అడిగేటప్పుడు వారు చెప్పదలచుకున్నంతే వినండి, పేర్లు రాయవద్దు. వారి మాటలను వారు చెప్పిన యాసలోనే మూడు పుటలకు మించకుండా రాసి, పాఠం చదువుతూ పెన్సిలుతో మీరు గుర్తు పెట్టుకున్న చోట్లతో పోల్చి చూడండి. సంపర్క తరగతులకు వచ్చేటప్పుడు ఆ కాగితాలు వెంట తీసుకురండి.